కొండమీది పామర్రు

మొన్న ఒక ఉదయం కొండ మెట్లమీద నా కుడి మోకాలు పట్టేసింది. సగం దారిలో, మెట్లు కాస్త వెడల్పయ్యే చోట, నీళ్ళ గొట్టం పట్టుకుని మెల్లగా కూలబడ్డాను. కూర్చుంటూ ఉండగానే నోటికి అలవాటైన మాట బయటికి వచ్చేసింది.

"అమ్మయ్య. ఉయ్యూరు."

నీళ్ళ టిన్ను భుజాన పెట్టుకుని పైకి పోతున్న ఒక అమ్మాయి ఆగింది. ఈమధ్యే కొండమీదికి అద్దెకొచ్చిన కాపురం వాళ్ళది.

"తాతగారూ, బానే ఉన్నారా? ఇది ఉయ్యూరేంటండీ? బెజవాడ!"

నాకు మతి తప్పిందనుకుంది పాపం.

"ఈ చోటు పేరమ్మా అది," అన్నాను.

"మెట్లకి కూడా పేర్లుంటాయాండీ?" అని నవ్వి, టిన్ను రెండో భుజానికి మార్చుకుంది. "పైన మామ్మగారు కూడా ఇంతే. నిన్న పాల పాకెట్ ఇద్దామని వెళ్తే, 'ఉయ్యూరులో ఎండొచ్చిందా అమ్మాయ్' అనడిగారు. పెద్దావిడ కదా, ఏదో అంటన్నారులే అని ఊరుకున్నా."

ఆ పిల్ల వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ అమ్మాయి మీద కాదు. ఆమెకేం తెలుసు? ఈ కొండమీద నాకు కోపం. ఒక మనిషి ఏళ్ళ తరబడి తన మోకాళ్ళు అరగదీసుకుని ఈ రాళ్ళకి పేర్లు పెట్టి పోతే, ఆయన పోయి రెండు వానాకాలాలు దాటకుండానే ఆ మామ్మగారి నోట తప్ప ఇంకొకరి నోటా ఆ పేరు లేదు. మున్సిపాలిటీవాళ్ళు రంగుతో గోడలమీద రాసిన ఇంటి నంబర్లు మాత్రం వానకి కూడా చెరగవు.

అందుకని రాస్తున్నాను. నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాదు. అయిదో తరగతితో బడికీ నాకూ చెల్లు. తర్వాత చదివిందంతా గవర్నర్‌పేటలో నేను పనిచేసిన లాడ్జి గదుల్లో బసకొచ్చినవాళ్ళు వదిలేసి పోయిన పేపర్లూ పుస్తకాలూ. వాక్యం ఎక్కడైనా వంకర పోతే మన్నించండి. మనిషి మాత్రం వంకర పోడు.

ఆయన్ని కొండంతా కండక్టరు గారనేది. నేనూ అంతే. పేరు అడగలేదు. లాడ్జి కౌంటరులో కూర్చుని వచ్చినవాణ్ణల్లా పేరు, ఊరు, ఏం పనిమీద వచ్చావని అడగడమే నా ఉద్యోగం. సగం మంది అబద్ధం చెప్పేవాళ్ళు. అందుకే కౌంటరు దాటి బయటికొచ్చాక ఎవర్నీ పేరడగడం నాకు రోత. ఆయన కూడా నన్ను ఏనాడూ అడగలేదు. "మేనేజరు గారూ" అనేవాడు, అందులో కాస్త వెటకారం కలిపి.

వెనకటి రోజుల్లో ప్రైవేటు బస్సుల్లో పనిచేశాడు. బెజవాడ నుంచి పామర్రు మీదుగా బందరు దాకా. ముందు క్లీనరు, తర్వాత కండక్టరు. ఆ బస్సులు ఎప్పుడో ఆగిపోయాయి. ఈయన మాత్రం ఆగలేదు. కొండ ఎక్కుతున్నప్పుడు కూడా కాళ్ళు ఎడంగా పెట్టి, నడుము కాస్త వంచి, కిందున్నది కదిలే బస్సు రేకు అన్నట్టే అడుగు వేసేవాడు. చెవి మీద ఒక పెన్సిల్ ముక్క. దానితో ఏమీ రాసేవాడు కాదు. అడిగితే "అది లేకపోతే చెవి చల్లగా ఉంటదండీ" అనేవాడు.

మా కొండ సంగతి చూడనివాళ్ళకి చెప్పాలి. కింద రోడ్డు నుంచి చూస్తే రంగురంగుల అగ్గిపెట్టెలు పేర్చినట్టుంటుంది. పైకి దారంటే మెట్లే. ఒకటి జానెడు, ఒకటి మూరెడు. ఎవరి ఇంటిముందు వాళ్ళు పోయించుకున్న మెట్లు, ఎవరి కొలత వాళ్ళది. పట్టుకోవడానికి రెయిలింగు లేదు. వేస్తామని ఓట్లకి ముందు ఒకాయన ఇనప గొట్టాలు తెచ్చి కింద దింపించాడు. ఓట్లయ్యాక ఆ గొట్టాలు ఎటెళ్ళాయో ఆయనకే తెలియాలి. ఇంకొకాయన ఏకంగా తీగమీద నడిచే పెట్టె వేయిస్తానన్నాడు. సభలో చప్పట్లు కొట్టినవాళ్ళలో కండక్టరు గారూ ఉన్నాడు. "ఎందుకండీ కొట్టారు?" అని నేను మండిపడితే, "మాట బాగుంది కదండీ, మాటకి కొట్టా" అన్నాడు.

రెయిలింగు లేదు గాబట్టి మాకు ఆసరా నీళ్ళ గొట్టమే. కింద నుంచి పైదాకా మెట్ల పక్కనే పాకిన పాత ఇనప గొట్టం. అందులో నీళ్ళు పైదాకా ఎక్కేది పండక్కీ పబ్బానికీ. కండక్టరు గారు దానికి వేరే పని కనిపెట్టాడు.

ఆయన కుడిచేతి వేలికి ఒక ఇత్తడి ఉంగరం. కింద మలుపు దగ్గర, మా ఇంటి పక్కనే, ఆగి ఆ ఉంగరంతో గొట్టంమీద ఒక్కటి కొట్టేవాడు. టంగ్. ఆగాడన్నమాట. ఆయాసం తీరాక రెండు కొట్టేవాడు. టంగ్ టంగ్. రైట్ రైట్. ఆ మోత గొట్టం వెంట పాక్కుంటూ కొండ కొమ్మునున్న ఆయన ఇంటికి చేరేది. అక్కడ ఆయన భార్య స్టవ్ మీద టీ గిన్నె పెట్టేది. సగం దారిలో మళ్ళీ మోగితే టీ దించేది. ఆయన గుమ్మంలో కాలు పెట్టేసరికి గ్లాసు చేతికొచ్చేది.

ఆ మలుపుకి, తన బస్సు దారిలో ముందొచ్చే ఊరని, కంకిపాడని పేరు పెట్టాడు. సగం దారిలో వెడల్పు మెట్టు ఉయ్యూరు. కొమ్ముమీద తన ఇల్లు పామర్రు.

"ఉయ్యూరు, ఉయ్యూరు! టీ తాగేవాళ్ళు తాగండి, ఒంటికెళ్ళేవాళ్ళు ఎళ్ళండి, అయిదు నిమిషాలే!" అని అరిచి కూర్చునేవాడు. పక్కింటి ఆడవాళ్ళు నవ్వు బిగబట్టుకునేవాళ్ళు. కొత్తవాళ్ళు బిత్తరపోయేవాళ్ళు.

కొమ్ముమీది ఇంటికి ఆ పేరు ఊరికే రాలేదు. ఆవిడది పామర్రు పక్కన పల్లె. వరి చేల మధ్య పుట్టిన మనిషిని తెచ్చి ఈ రాతిమీద పెట్టాడు. కొత్తలో ఆవిడ ఏడ్చేదట. "ఏడవకు, పామర్రునే ఇక్కడికి తెచ్చేస్తా" అన్నాడట ఈయన. ఊరిని తేలేక పేరు తెచ్చాడు.

నేను వాళ్ళని ఎరిగేనాటికి ఆవిడ మోకాళ్ళు పూర్తిగా పోయాయి. గుమ్మం ముందు పిట్టగోడ దాకా రాగలదు, అంతే. కొండ దిగి ఏళ్ళయింది. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి నిలబడితే కృష్ణ కనిపిస్తుంది, బ్యారేజీ కనిపిస్తుంది, రైళ్ళు కనిపిస్తాయి. అవేవీ ఆవిడకి అక్కర్లేదు. పామర్రు కావాలి. అక్కడ ఆవిడ అక్క మంచంలో ఉంది. ఒక్కసారి చూడాలి. నాట్లు పడ్డాక పచ్చటి చేను ఒక్కసారి చూడాలి. నన్ను చూసినప్పుడల్లా అదే.

"అన్నయ్యగారూ, కిందికి దిగితే చాలండీ. అక్కడ్నించి బస్సుల్లో ఎలా ఎళ్ళాలో మీ కండక్టరుకి తెలుసు."

"తెలిసేదేంటి, నే ఎక్కితే డ్రైవరే లేచి నిలబడతాడు," అనేవాడు ఈయన లోపల్నుంచి.

ఆవిడ మొగుడి పేరు పలికే మనిషి కాదు. ఆ తరం వాళ్ళు అంతే. ఒకసారి పింఛను వివరాలకని వార్డు సచివాలయం నుంచి ఒక పిల్ల రొప్పుతూ పైకొచ్చింది. నేనక్కడే టీ తాగుతున్నాను.

"మీ ఆయన పేరేంటి మామ్మా?"

"కండక్టరు గారమ్మా."

"ఉద్యోగం కాదు మామ్మా, పేరు."

"అదుగో, అక్కడ కూర్చున్నారుగా. ఆయన్నే అడుగు."

కండక్టరు గారికి సరదా పుట్టుకొచ్చింది. మంచంమీద కాళ్ళూపుతూ, "నేను చెప్పనమ్మాయ్. నాకు చెవుడు. ఆవిడే చెప్పాలి. చెప్పవే, చెప్పకపోతే పింఛను పోతది" అన్నాడు.

"పోతే పోనివ్వండి."

"మూడక్షరాలే. నోరేం అరిగిపోదు."

"మీ మోకాళ్ళు అరిగినియ్, చాల్లే. నా నోరెందుకు అరగడం?" అని, ఆవిడ ముసుగు సవరించుకుని వంటింట్లోకి పోయింది. ఆ పిల్ల పగలబడి నవ్వింది. ఆయన చివరికి ఆధార్ కార్డు తీసి ఆ పిల్ల చేతికిచ్చాడు. ఇస్తూ నాతో అన్నాడు: "చూశారా మేనేజరు గారూ, ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా పిలవలేదు. పిలిస్తే ఎలా ఉంటదో విందామని నాకూ ఉంటది కదా."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వేశాను.

ఎక్కడం సంగతి సరే, ఆయన దిగడం చూడాలి. మోకాళ్ళున్నవాడికి ఎక్కడం కష్టం, మోకాళ్ళు పోయినవాడికి దిగడం కష్టం. ఇది నా సొంత అనుభవం. దిగేటప్పుడు ఒళ్ళంతా వచ్చి మోకాటి చిప్పమీద కూర్చుంటుంది. "ఎక్కేటప్పుడు ఊపిరికి టిక్కెట్టు కొట్టాలి, దిగేటప్పుడు మోకాలికి కొట్టాలి" అనేవాడాయన. ఆ టిక్కెట్టు ఎగ్గొట్టడానికి ఆయన వెనక్కి తిరిగి దిగేవాడు. మొహం కొండవైపు, వీపు ఊరివైపు. కాలి బొటనవేలితో కింది మెట్టు వెతుక్కుని, పాదం ఆనాక రెండోది.

"ఇదేం దిగడమండీ బాబూ, పడతారు!" అన్నాను మొదటిసారి చూసినప్పుడు.

"బస్సు రివర్సులో ఉంది మేనేజరు గారూ. కబుర్లొద్దు. కింద నిలబడి రానివ్వండి."

ఆనాటి నుంచి ఆయనకి నేను క్లీనర్ని. పొద్దున్నే వ్యాయామానికని నేను పైకెళ్ళేవాణ్ణి. ఆయన సరుకులకనో మందులకనో దిగేవాడు. రెండు మెట్లు కింద నేను ఆయనకి ఎదురు తిరిగి నిలబడి, చేతులూపుతూ, "రానీ… రానీ… ఎడమకి… రానీ… హోల్డాన్!" అనాలి. ఇద్దరు ముసలాళ్ళం. కొండంతా చూసి నవ్వేది. బతుకంతా పరాయివాళ్ళ పెట్టెలు మోసి, తాళాలు మోసి, కౌంటరెక్కినవాణ్ణి. నాకంటూ ఒక ఆట ఏనాడూ లేదు. ముసలితనంలో ఆయన పుణ్యమా అని ఆ ఆట దక్కింది.

ఒకటి మాత్రం నాకు అర్థమయ్యేది కాదు. కంకిపాడు మలుపు దాకా వెనక్కి దిగేవాడా, మలుపు తిరగ్గానే ముందుకు తిరిగేవాడు. అక్కడా మెట్లు అంతే నిటారు. ఇంకా అధ్వాన్నం. ప్రతి మెట్టుకీ "అబ్బా" అని మూలిగేవాడు.

"ఇక్కడ కూడా రివర్సే పోవచ్చు కదండీ?"

"ఇక్కడ్నించి గేరు మార్చాలండీ. మీకు తెలీదు."

సరే, బస్సుల సంగతి నాకేం తెలుసని ఊరుకునేవాణ్ణి.

ఒక చలికాలం పొద్దున పామర్రు నుంచి ఫోనొచ్చింది. అక్కకి నోట మాట పడిపోయిందట. చెల్లెలు వస్తుందేమో అని గుమ్మంవైపే చూస్తోందట. కొండమీది కుర్రాళ్ళు నలుగురు ప్లాస్టిక్ కుర్చీ పట్టుకొచ్చారు.

"మామ్మా, కూర్చో. నలుగురం పట్టుకుని రోడ్డుమీద దించేస్తాం."

ఆవిడ ఆ కుర్చీవంక చూసింది, వాళ్ళవంక చూసింది.

"నలుగురు మొయ్యడం ఒక్కసారేరా నాయనా. దానికి తొందరేముంది?"

ఎవరెంత చెప్పినా ఎక్కలేదు. నేను కోప్పడ్డాను కూడా. "చాదస్తం కాకపోతే ఏంటమ్మా ఇది? మోటారు కారెక్కితే నాలుగు చక్రాలు మొయ్యట్లేదా?" అన్నాను. "చక్రాలు నా అన్నదమ్ములు కాదుగా, అన్నయ్యగారూ," అంది.

కండక్టరు గారు లేచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "పద. నేను దింపుతా. అటు తిరుగు. కొండవైపు చూడు. కాలు వెనక్కి వెయ్యి. నేనున్నా కింద."

ఆవిడ పై మెట్లమీద రెండు చేతులూ ఆనించి, పసిపిల్ల మంచం దిగినట్టు, ఒక కాలు కిందికి జార్చింది. ఆవిడ నడుంమీద చెయ్యివేసి ఆయన. ఆయనకి రెండు మెట్లు కింద నేను. "రానీ… రానీ…" అంటున్నాను. ఇళ్ళ ముందు ఆడవాళ్ళు పనులాపి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. ఎవరో ఒకావిడ గబగబా తన గుమ్మం ముందు మెట్టుమీద నీళ్ళ తడి కొంగుతో తుడిచేసింది.

ఉయ్యూరు చేరేసరికి ఎండ నెత్తికొచ్చింది. ఆవిడ వెడల్పు మెట్టుమీద కూర్చుని చుట్టూ చూసింది. ఇన్నేళ్ళుగా గొట్టంలో మోతగా విన్న ఊరు.

"ఇదేనా ఏంటి మీ ఉయ్యూరు? చెరుకు రసం కూడా దొరకదు, ఇదేం ఉయ్యూరండీ!"

ఆ మాటకి ఆయన లేచాడు. నేను వెళ్తానంటే వినలేదు. కిందికి దిగి, రోడ్డుమీద బండి దగ్గర చెరుకు రసం ప్లాస్టిక్ కవరులో కట్టించుకుని, మళ్ళీ ఎక్కి వచ్చాడు. వచ్చేసరికి ఆయన పెదాలు నల్లబడ్డాయి. ఆవిడ తాగింది. సగం ఆయనకిచ్చింది. ఇద్దరూ ఒకే స్ట్రాతో తాగారు. నేను నదివైపు తిరిగి నిలబడ్డాను.

లేవబోతే మోకాలు రాలేదు. ఆవిడ ఎడమ మోకాలు వాచి కొబ్బరికాయంత అయింది. మడత పడదు, తిన్నగా రాదు. ఇంకో సగం దారి ఉంది కిందికి. అంత దూరమే పైకీ ఉంది. ఆవిడ కిందికి ఒకసారి చూసింది. రోడ్డుమీద సిటీ బస్సు ఒకటి పోతోంది. చాలాసేపు చూసింది.

"పోదాం పదండి," అంది.

"ఎటు?" అన్నాడాయన.

"మన ఇంటికి."

పైకి ఎలా వెళ్ళిందో చెబుతాను. మెట్టుమీద కూర్చుని, చేతులు వెనక మెట్టుమీద ఆనించి, ఒళ్ళు లేపి, వెనక మెట్టుమీద కూర్చుని, మళ్ళీ చేతులు. మొహం ఊరివైపు, నదివైపు, పామర్రువైపు. అట్లా దాన్ని చూస్తూ చూస్తూ దానికి దూరంగా వెనక్కి పోయింది. ఆయన పక్కన కూర్చుని ఆవిడతోపాటే అలాగే పైకి జరిగాడు. ఆయనకి అవసరం లేదు, నడవగలడు. అయినా జరిగాడు.

ఆ వారంలోనే అక్క పోయింది. ఆవిడ పిట్టగోడ దగ్గరే తలమీద నీళ్ళు పోసుకుంది.

అప్పటి నుంచి ఆయనకి ఒకటే పట్టుదల. "వచ్చే నాట్లకి మా పామర్రుకి పామర్రు చూపించాలండీ." ఎవరో మోకాళ్ళకి పట్టీలన్నారు, తెచ్చాడు. ఎవరో నూనె అన్నారు, తెచ్చాడు. రోజూ సాయంత్రం ఆవిణ్ణి గుమ్మం ముందు మూడో నాలుగో మెట్లు దించి, ఎక్కించి, ట్రయల్ రన్ అనేవాడు. కింద ఎక్కడైనా గది దొరుకుతుందేమో అని వన్‌టౌన్ సందులన్నీ తిరిగాడు. ముసలి జంట అనగానే ఇంటివాళ్ళు మొహం చాటేసేవాళ్ళు. ఇంట్లో చావు జరుగుతుందని భయమట. ఆ మాట ఒకడు ఆయన మొహానే అన్నాడు. నాకు చెబుతూ ఆయన నవ్వాడు. నాకు మాత్రం ఆ ఇంటి తలుపుమీద ఉమ్మేసి రావాలనిపించింది.

నాట్లు రాకముందే, వేసవి చివర్లో, ఒక మధ్యాహ్నం ఆయనకి గుండెలో నొప్పి వచ్చింది.

అంబులెన్సు వచ్చింది. త్వరగానే వచ్చింది. కొండ కిందికి వచ్చింది. అందులో మనుషులు స్ట్రెచరు భుజాన వేసుకుని ఎక్కారు, దారి చూపిస్తూ ముందు నేను. వాళ్ళని ఏమనను? కుర్రాళ్ళు, చెమటలు కక్కుతూ ఎక్కారు. ఉయ్యూరు దగ్గర ఉండగా పైనుంచి ఏడుపు వినిపించింది. వాళ్ళు ఆగిపోయి నావంక చూశారు. ఒకడు నెమ్మదిగా స్ట్రెచరు దించి గొట్టానికి ఆనించాడు.

మర్నాడు పొద్దున ఆయన్ని దించాలి. ఆయనకి పిల్లల్లేరు. తమ్ముడి కొడుకు రావాలి. వాడు ఏలూరు అవతల నుంచి వస్తూ హనుమాన్ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. వైకుంఠ రథం కింద రోడ్డుమీద నిలబడి ఉంది, డ్రైవరు ఫోన్లమీద ఫోన్లు. కొండమీద ఇలాంటివి దగ్గరుండి జరిపించే పెద్దమనిషి ఒకాయన "లేపండి, వాడు శ్మశానానికే వస్తాడు" అన్నాడు.

పాడె లేచింది. ఆవిడ పిట్టగోడ దాకా వచ్చి ఆగింది. ఆవిడ దారి అక్కడితో సరి.

కొండమీద పాడె దించడానికి ఒక పద్ధతుంది. తల కిందివైపు, కాళ్ళు కొండవైపు ఉండాలి. ముందున్నవాళ్ళు కొయ్యలు తలమీదికి ఎత్తి పట్టుకోవాలి, వెనకున్నవాళ్ళు నడుం వంచి నేలబారుగా దించుకోవాలి. లేకపోతే మనిషి జారిపోతాడు. అలా ఎత్తి పట్టుకోవడంతో తలవైపు కాస్త లేచే ఉంటుంది. నేను ముందు నడుస్తున్నవాణ్ణి, ఉయ్యూరు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. ఆయన మొహం కొండవైపు ఉంది. ఎప్పుడూ దిగినట్టే దిగుతున్నాడు.

ఆయన మొహం ఎటుందో అటు చూశాను. అక్కడ పిట్టగోడ ఉంది. దానిమీద మోచేతులు ఆనించి ఆవిడ ఉంది.

ఇన్నేళ్ళూ నేను ఆయన వీపు చూశాను. ఆయన చూసేదేమిటో చూడలేదు. ఆ పిట్టగోడ కంకిపాడు మలుపు దాకా కనిపిస్తుంది. మలుపు తిరిగితే కనిపించదు. అదీ గేరు మార్చడం.

"దించండి," అన్నాను.

"ఏంటి?" అన్నాడు పెద్దమనిషి.

"దింపుడు కళ్ళం. ఇక్కడే."

తెలియనివాళ్ళు ఉంటారేమో. శవాన్ని తీసుకెళ్ళేటప్పుడు దారి మధ్యలో పాడె దించి, దగ్గరివాళ్ళు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ఒకవేళ ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే లేస్తాడని ఆశ.

"ఇక్కడేంటయ్యా? ఇంకా కొండే దిగలేదు. శ్మశానం గేటు దగ్గర దించుదాం. పిలవాల్సినవాడు అక్కడికొస్తాడు. సగం దారిలో చెయ్యాలి ఏదైనా."

"ఆయనకి సగం దారి ఇదే! కొండమీద ఎవర్నైనా అడగండి! ఇది ఉయ్యూరు!" నేను అరిచాను. నా జన్మలో అంత గట్టిగా అరవలేదు. "రెయిలింగు వెయ్యలేదు, గది ఇవ్వలేదు, అంబులెన్సు కొండెక్కలేదు. పాడె దించడానికి కూడా ఆయన అడ్రసు మీరే మార్చేస్తారా? దించండి ముందు!"

మోస్తున్న నలుగురూ కుర్చీ తెచ్చిన కుర్రాళ్ళే. వాళ్ళు పెద్దమనిషి వంక చూడలేదు. దించారు.

"మరి ఎవరు పిలుస్తారు? నువ్వా?" అన్నాడు పెద్దమనిషి విసురుగా.

"నేనే."

మోకాళ్ళు ఆనించి వంగాను. ఆయన చెవిమీద పెన్సిల్ ముక్క అలాగే ఉంది. స్నానం చేయించాక ఆవిడే పెట్టి ఉంటుంది. వేలికి ఇత్తడి ఉంగరం మాత్రం లేదు. ఏమని పిలవను? కండక్టరు గారూ అనా? ట్రిప్పులు తిరిగి వచ్చి నిద్రపోతున్నవాడి చెవిలో ఉద్యోగం పేరు చెప్పి లేపుతామా? నోరు తెరిచాను.

అప్పుడు పైనుంచి వినిపించింది.

ఆయన పేరు. మూడక్షరాలు.

అందరం తలలెత్తాం. ఆవిడ పిట్టగోడ మీదికి సగం వంగి ఉంది. ముసుగు జారిపోయింది. రెండోసారి పిలిచింది, ఇంకా గట్టిగా, చేలో దూరంగా ఉన్న మనిషిని అన్నానికి పిలిచినట్టు. ఇళ్ళల్లో టీవీలు ఎవరో ఆపేశారు. పెద్దమనిషి "ఆడవాళ్ళు పిలవకూడదు…" అని మొదలుపెట్టి, నా మొహం చూసి మానుకున్నాడు.

మూడోసారి పిలిచింది. ఈసారి మెల్లగా. పక్కన కూర్చున్నవాణ్ణి పిలిచినట్టు. అంత మెల్లగా అన్న మాట ఉయ్యూరు దాకా ఎలా వినపడిందో నాకు తెలియదు, కానీ వినపడింది.

నేను ఆయన మొహంలోకి చూస్తూనే ఉన్నాను. చదివినవాణ్ణి కాకపోయినా, ఇలాంటివి నమ్మేవాణ్ణి కాదు. అయినా చూశాను. ఎలా ఉంటదో విందామని నాకూ ఉంటది కదా అన్న మనిషి. ఒక్క రెప్ప కదిలినా చాలనుకున్నాను.

కదల్లేదు.

ఆ పేరు ఆనాటి నుంచి నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఆవిడ అన్నేళ్ళు దాచుకుని మూడుసార్లు ఖర్చు పెట్టిన దాన్ని నేను కాగితంమీద పారబోయలేను.

పాడె లేచింది. నేను రెండు మెట్లు కిందికి దిగి, వాళ్ళకి ఎదురు తిరిగి నిలబడ్డాను. చేతులు వాటంతటవే లేచాయి.

"రానీ," అన్నాను. "రానీ… ఎడమకి… రానీ…"

కంకిపాడు మలుపు దాకా అట్లా తెచ్చాను. అక్కడ కుర్రాళ్ళు భుజాలు మార్చుకోవడానికి ఆగారు. ఇంకొక్క అడుగు వేస్తే పిట్టగోడ కనిపించదు. పదండి అనాల్సినవాణ్ణి నేనే. అనలేక నిలబడ్డాను. పెద్దమనిషి గొణుగుతున్నాడు, కింద వాన్ డ్రైవరు హారను కొడుతున్నాడు.

పక్కన నీళ్ళ గొట్టం మోగింది. పైనుంచి.

టంగ్ టంగ్.

కుర్రాళ్ళు నావంక చూశారు.

"పదండి," అన్నాను. "పామర్రు రైటిచ్చింది."